పాత నేరాల మీద పుస్తకాలు రాయడమే వృత్తిగా పెట్టుకోవచ్చా?

తెనాలి_పాఠకుడు:
నమస్తే అండీ. తొమ్మిదేళ్లుగా ఒక పేపర్లో సబ్ ఎడిటర్‌ని. ఈమధ్య ఒక నిజం హత్య కేసు మీద కేట్ సమ్మర్‌స్కేల్ అనే రచయిత్రి రాసిన పుస్తకం చదివాను. 1860లో ఇంగ్లండ్‌లోని రోడ్ అనే ఊళ్లో, రాత్రి పడుకున్న మూడేళ్ల పిల్లాణ్ణి ఎత్తుకెళ్లి చంపేశారు. స్కాట్లండ్ యార్డ్ (లండన్ పోలీసు కేంద్రం) నుంచి వచ్చిన డిటెక్టివ్ విచర్, కనిపించకుండా పోయిన ఒక నైట్‌గౌనును పట్టుకుని పదహారేళ్ల సవతి అక్క కాన్‌స్టన్స్‌ని అనుమానిస్తే, పెద్దింటి పిల్లని అంటావా అని జనం ఆయన్నే దుమ్మెత్తిపోశారు. 1865లో ఆ అమ్మాయే ఒప్పుకుంది. చదివాక రెండు రోజులు నిద్ర లేదు. నాకూ ఇదే పని చేయాలనుంది, ఉద్యోగం మానేయనా?

పాత_కాగితం:
మానకండి! సమ్మర్‌స్కేల్ కూడా మీలాగే పేపర్ మనిషి, లండన్‌లోని డైలీ టెలిగ్రాఫ్‌లో సాహిత్య పేజీలు చూశారు. 1997లో వచ్చిన మొదటి పుస్తకం నేరం గురించే కాదు, మోటార్ బోటు పందేలు గెలిచిన జో కార్‌స్టేర్స్ అనే ఆవిడ జీవితం. మీరు చదివింది 2008లో వచ్చింది, అంటే మధ్యలో పదకొండేళ్లు. దానికే బ్రిటన్‌లో కాల్పనికేతర పుస్తకాలకిచ్చే శామ్యూల్ జాన్సన్ ప్రైజ్ ఇచ్చారు. నాకు మాత్రం ఆవిడ 2016లో రాసిన పుస్తకం ఎక్కువిష్టం. 1895లో లండన్‌లో పదమూడేళ్ల రాబర్ట్ కూంబ్స్ తల్లిని చంపాడు. ఇంకొకరైతే కోర్టు తీర్పుతో ఆపేసేవాళ్లేమో, ఈవిడ వదల్లేదు. బ్రాడ్‌మూర్ పిచ్చాసుపత్రిలో పదిహేడేళ్లు, అక్కణ్ణించి ఆస్ట్రేలియా, తర్వాత మొదటి ప్రపంచ యుద్ధంలో టర్కీలోని గాలిపొలి దగ్గర గాయపడ్డవాళ్లని స్ట్రెచర్ మీద మోసుకొచ్చిన సైనికుడు, ఇలా వాడి వెంటే ఆస్ట్రేలియా దాకా వెళ్లారు. ఆ పేజీల దగ్గర నాకు ఏడుపొచ్చేసింది.

సరళ_గుంటూరు:
ఒక్క మాట. హ్యాలీ రూబెన్‌హోల్డ్‌ని కూడా చదవండి. 1888లో లండన్‌లో జాక్ ద రిప్పర్ అని పేరుపడ్డ, ఎవరో తేలని హంతకుడు చంపిన ఐదుగురు ఆడవాళ్ల మీద 2019లో రాశారు. హంతకుడెవరన్న గొడవే పెట్టుకోలేదు, హత్యల వర్ణనా లేదు, వాళ్లు ఎక్కడ పుట్టారు, ఏం పని చేశారు, ఎలా వీధిన పడ్డారు అన్నదే పుస్తకమంతా. ఐదుగురిలో ముగ్గురు వేశ్యలనడానికి ఆధారమే లేదని ఆవిడ వాదన. రిప్పర్ కేసు మీద పిచ్చి ఉన్న చాలామంది ఆవిడ మీద విరుచుకుపడ్డారు, అయినా తగ్గలేదు. మీరు ఏ కేసు తీసుకున్నా చనిపోయిన మనిషి శవంగా మాత్రమే కనపడితే నేను చదవను, ముందే చెప్తున్నా.

రికార్డ్_రూమ్:
కేసు ముందు కాదు, కాగితాలు ముందు చూసుకోండి. లండన్ ఓల్డ్ బెయిలీ కోర్టు విచారణలు 1674 నుంచి 1913 వరకు నెట్‌లో ఉచితంగా ఉన్నాయి, సాక్షులు ఎలా మాట్లాడారో చదివితే చెవికి అలవాటవుతుంది. మన కోస్తా జిల్లాలు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీ కాబట్టి పాత రికార్డుల కోసం చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌కి వెళ్లాల్సి రావచ్చు. ఊళ్లో చెప్పుకునే కథ ఎంత బాగున్నా, కాగితం దొరక్కపోతే దాన్ని నిజమని రాయకండి.

తెనాలి_పాఠకుడు:
అందరికీ థాంక్సండీ. ఉద్యోగం మానను. వచ్చే నెల నాలుగు రోజులు సెలవు పెట్టి ఎగ్మోర్ వెళ్తున్నా. సరళ గారూ, మీ మాట నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నాను.