911లో వైకింగు నాయకుడు రోలోకు భూమి ఇవ్వడం ఫ్రాంకు రాజు చేసిన తప్పేనా?

చరిత్రప్రియ:
845లో ఉత్తరాది నుంచి పడవల్లో వచ్చి దోచుకునే వైకింగులు పారిస్ మీద పడితే, ఇప్పటి ఫ్రాన్స్‌ను ఏలిన ఫ్రాంకు రాజు బట్టతల చార్లెస్ 7,000 పౌండ్ల వెండి ఇచ్చి పంపించాడు. 885-86లో మళ్లీ ముట్టడి, మళ్లీ వెండి. 911లో మూడో చార్లెస్ ఏకంగా సీన్ నది ఒడ్డున ఉన్న రూవాన్ పట్టణం చుట్టుపక్కల నేలనే రోలో చేతిలో పెట్టాడు. అదీ షార్త్ర పట్టణం దగ్గర జరిగిన యుద్ధంలో రోలో ఓడిపోయాక! గెలిచి కూడా భూమి ఇవ్వడం లొంగిపోవడం కాక మరేమిటి?

పాతరాతలు:
నేనలా అనుకోనండి. ఓడినవాడితో బేరమాడితేనే మన షరతులు నెగ్గుతాయి. రోలో బాప్తిస్మం తీసుకోవాలి, సీన్ నది వెంట లోపలికొచ్చే పడవలను ఆపాలి. ఒప్పంద పత్రం మనకు మిగల్లేదు. కానీ 918లో అదే రాజు ఇచ్చిన దానపత్రం ఉంది. ఒక మఠం ఆస్తిని పారిస్‌లోని సెయింట్ జెర్మేన్ మఠానికి రాసిస్తూ, రాజ్యరక్షణ కోసం రోలోకు, అతని మనుషులకు ఇచ్చిన భాగాన్ని మాత్రం మినహాయించాడు. అంటే ఏడేళ్ల తర్వాత కూడా రాజు లెక్కలో అది కాపలాకు ఇచ్చిన నేలే. అసలు రూవాన్‌ను వైకింగులు 841లోనే తగలబెట్టారు. ఆ తీరంలో రాజుగారి అధికారం ఎప్పుడో పేరుకు మిగిలింది. చేయి జారినదాన్ని ఇచ్చి కాపలా సంపాదించాడు.

చరిత్రప్రియ:
మరి ఆ కాపలావాళ్లు హద్దులో ఉన్నారా? 925లో అమియాన్, బోవే వైపు పడి దోచుకున్నారు. 924లో బయ్యూ ప్రాంతం, 933లో రోలో కొడుకు విలియంకు కోటెంటిన్ ద్వీపకల్పం. అడిగినప్పుడల్లా ఇస్తూ పోయారు. ఊళ్లు కాలిపోయిన రైతులకు ఇది తెలివైన బేరమని ఎలా చెబుతాం?

లువార్_తీరం:
రైతుల గురించి మీరన్నది నిజం, అది ఎవరూ కాదనకూడదు. కానీ తప్పు 911ది కాదండి. 923లో చార్లెస్‌ను సొంత ప్రభువులే బంధించారు. నార్మన్లను, అంటే ఫ్రాంకు నేలలో స్థిరపడిన వైకింగులను, సాయానికి పిలిచింది చార్లెసే. 924లో, 933లో నేల ఇచ్చింది అతన్ని కాదని గద్దెనెక్కిన రౌల్ పక్షం.

లువార్ నది వైపు చూడండి. 921లో నాంత్‌ను కూడా వైకింగులకు వదిలేశారు. అక్కడివాళ్లు దోపిడీ మానలేదు, చర్చితో పొత్తు కుదుర్చుకోలేదు. 937లో బ్రిటనీ ప్రాంతపు నాయకుడు అలెన్ వాళ్లను తరిమేశాడు. రూవాన్ వాళ్లు మాత్రం మఠాలను నిలబెట్టారు, ఫ్రాంకు ప్రభువులతో వియ్యమందారు. భూమి రెండుచోట్లా దక్కింది, నిలబెట్టుకున్నది ఒక్కచోటే. 911 తర్వాత వైకింగులు పారిస్‌ను మళ్లీ ముట్టడించలేదు. చార్లెస్ కోరుకున్నది అదే కదా?