రోజూ నడిపే మియాటాను ఆటోక్రాస్‌కు సిద్ధం చేయాలంటే స్ప్రింగులు మార్చాలా?

తెరిచిన కప్పు (ప్రశ్న వేసినవారు):

నా కారు తొలితరం మాజ్దా ఎంఎక్స్-5 మియాటా. 1.6 లీటర్ల ఇంజిన్, అయిదు గేర్లు, లిమిటెడ్ స్లిప్ (పట్టు తప్పిన చక్రం ఒక్కటే ఒట్టిగా తిరగకుండా చూసే ఏర్పాటు) లేని మామూలు డిఫరెన్షియల్ (వెనుక చక్రాలకు బలం పంచే గేర్ల పెట్టె). పనికి వెళ్లేది దీనిలోనే. విశాలమైన మైదానంలో కోన్‌లు నిలబెట్టి ఒక్కో కారుకూ విడిగా సమయం లెక్కగట్టే ఆటోక్రాస్ పోటీలకు వెళ్లేదీ దీనిలోనే. సస్పెన్షన్‌లోని రబ్బరు బుష్‌లన్నీ కొత్తవి వేయించాను. షాక్ అబ్జార్బర్లు పూర్తిగా బలహీనపడ్డాయి కనుక వాటిని మార్చక తప్పదు. ఆ పని జరిగేటప్పుడే ఎత్తు సర్దుకోగల కాయిలోవర్ సెట్టు (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసిన అమరిక) వేసి, గట్టి స్ప్రింగులతో కారును ఒకటిన్నర అంగుళం దించమని కొందరు చెబుతున్నారు. రోడ్డు మీద తిరిగే కారుకు కంపెనీ స్ప్రింగులే మేలని, మంచి షాక్ అబ్జార్బర్లూ మంచి టైర్లూ చాలని మరికొందరు అంటున్నారు. ఏది మేలన్నదే కాక, ఎందుకు మేలో కూడా ఎవరైనా వివరంగా చెబితే నిర్ణయం తీసుకోగలుగుతాను.

కోన్‌ల మధ్య:

మార్చాలనే నా అభిప్రాయం. మీ కారు కొత్తగా వచ్చినప్పుడు దానికి వేసినవి 185/60 ఆర్14 టైర్లు. స్ప్రింగుల గట్టిదనాన్ని ఆ టైర్ల పట్టును బట్టే నిర్ణయించారు. ఇప్పుడు ఆటోక్రాస్‌లో వాడే ట్రెడ్‌వేర్ (అరుగుదలను ఎంత తట్టుకుంటుందో తెలిపే అంకె) 200 రకం టైర్లు, అంటే బ్రిడ్జ్‌స్టోన్ ఆర్‌ఈ-71ఆర్‌ఎస్, యోకోహామా ఏ052 వంటివి, అంతకంటే ఎంతో ఎక్కువ పట్టు ఇస్తాయి. పట్టు పెరిగిన కొద్దీ మలుపులో కారు పక్కకు ఒరిగే కోణమూ పెరుగుతుంది. డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్ (చక్రాన్ని పైనా కిందా రెండు చేతులతో పట్టే అమరిక) చక్రం పైకి లేచినప్పుడు కొంత నెగటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలడం) ఇచ్చే మాట నిజమే గానీ, బాడీ ఒరిగినంత మేరకు అది ఇవ్వలేదు. ఫలితంగా బయటి టైరు తన అంచు మీద నడుస్తుంది, ఖరీదైన రబ్బరు ఆ అంచునే ముందు అరిగిపోతుంది.

ఇక కోన్‌ల వరుసలో ఎడమకూ కుడికీ వెంటవెంటనే తిప్పవలసి వచ్చినప్పుడు, మెత్తటి స్ప్రింగుల మీద ఉన్న కారు ఒక పక్కకు ఒరగడం పూర్తి కాకముందే రెండో పక్కకు ఒరగవలసి వస్తుంది. పరుగు మొత్తం సుమారు ఒక నిమిషం. అమెరికాలోని ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) పోటీలలో ఒక కోన్ పడగొడితే రెండు సెకన్లు కలుపుతారు. అంత తక్కువ వ్యవధిలో కారు స్థిరపడేదాకా ఆగే వీలు ఉండదు.

రబ్బరు బుష్:

పై సమాధానంలో ఒరుగుదల గురించి చెప్పినది సరైనదే. కానీ కారును ఒకటిన్నర అంగుళం దించమన్న సలహా గురించి అందులో ప్రస్తావనే లేదు, అసలు నష్టం జరిగేది అక్కడే కనుక కొంత వివరంగా రాస్తున్నాను.

1989లో షికాగో ఆటో షోలో తొలిసారి చూపినప్పుడు ఈ కారు ఆకర్షణ దాని 116 హార్స్‌పవర్‌లో లేదు. టన్నుకు లోపు బరువు, నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్, గేర్‌బాక్స్‌నూ వెనుక డిఫరెన్షియల్‌నూ ఒకటిగా కలిపి పట్టే అల్యూమినియం చట్రం దీనిని ప్రత్యేకం చేశాయి. అయితే కారు చిన్నది, బానెట్ తక్కువ ఎత్తులో ఉంటుంది కనుక షాక్ అబ్జార్బర్ పైకి కదలడానికి మిగిలే చోటు మొదటి నుంచీ తక్కువే. అందుకే కంపెనీ వారు బంప్ స్టాప్‌ను (షాక్ అబ్జార్బర్ కదలికకు చివర ఉండే అడ్డును) ప్రమాదంలో మాత్రమే తగిలే రబ్బరు ముక్కలా కాక, రెండో స్ప్రింగులా పనిచేసేలా పొడవుగా, మెత్తగా చేశారు. గట్టిగా తిప్పినప్పుడు కంపెనీ ఎత్తులో ఉన్న కారు కూడా దానిని తాకుతుంది.

అటువంటి కారును ఒకటిన్నర అంగుళం దించితే మిగిలి ఉన్న ఆ కొద్ది చోటూ పోతుంది. మలుపు మధ్యలో ఒక చిన్న ఎత్తుపల్లం వస్తే చక్రం పైకి లేవడానికి దారి లేక, ఆ క్షణంలో ఆ మూల స్ప్రింగు గట్టిదనం ఒక్కసారిగా ఎన్నో రెట్లు అయినట్టు అవుతుంది. వెనుక చక్రానికి ఇలా జరిగితే కారు తోక జారిపోతుంది. నడిపేవారు దీనిని కారు స్వభావమనుకుని వెనుక యాంటీ రోల్ బార్‌ను (ఒరుగుదలను తగ్గించే కడ్డీని) మెత్తబరచడం, టైర్ల గాలి మార్చడం వంటి పనులతో కాలం గడుపుతారు, కారణం మాత్రం ఎత్తులోనే ఉంటుంది.

దించితే గురుత్వ కేంద్రం కిందికి వస్తుందన్న వాదనకు సంఖ్యలతో జవాబు చెప్పవచ్చు. గురుత్వ కేంద్రం నేల నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. కారును 25 మిల్లీమీటర్లు దించితే లోపలి చక్రాల నుంచి బయటి చక్రాలకు మారే బరువు అయిదారు శాతం మాత్రమే తగ్గుతుంది. అదే సమయంలో విష్‌బోన్‌ల వాలు మారి రోల్ సెంటర్ (బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) గురుత్వ కేంద్రం కంటే ఎక్కువగా కిందికి జారుతుంది. ఆ రెండింటి మధ్య దూరం పెరిగిన కొద్దీ బాడీని ఒరిగించే శక్తి పెరుగుతుంది. ఒరుగుదల తగ్గించడానికని దించిన కారు, అదే స్ప్రింగుల మీద ఉంటే, మునుపటికంటే ఎక్కువ ఒరుగుతుంది.

నా దృష్టిలో ఈ కారులో అన్నింటికంటే విలువైనది చక్రం పైకీ కిందికీ కదలగలిగే ఆ చోటు. దానిని ఖర్చు చేసే ఏ మార్పూ రోడ్డు మీద సౌఖ్యాన్ని మాత్రమే కాదు, కోన్‌ల మధ్య వేగాన్ని కూడా తగ్గిస్తుంది.

కోన్‌ల మధ్య:

దించే విషయంలో మీ వాదనను అంగీకరిస్తున్నాను, కానీ అది గట్టి స్ప్రింగులకు వ్యతిరేకమైన వాదన కాదు. నిజానికి కదిలే చోటు తక్కువైతే దానిని పొదుపుగా వాడేవి గట్టి స్ప్రింగులే. కంపెనీ స్ప్రింగులు ముందు చక్రాలకు మిల్లీమీటరు నొక్కడానికి సుమారు మూడు కిలోలు ఉంటే, అయిదారు కిలోలవి వేసి, కారు ఎత్తు దాదాపు అలాగే ఉంచి, వాటికి తగిన షాక్ అబ్జార్బర్లు ఎంచుకుంటే కారు బంప్ స్టాప్‌ల మీద వాలే సందర్భాలే తగ్గుతాయి. రెండో తరం మియాటా పై మౌంట్లను (షాక్ అబ్జార్బర్ పైభాగాన్ని బాడీకి బిగించే భాగాలను) తొలితరం కారుకు బిగిస్తే షాక్ అబ్జార్బర్‌కు కదిలే చోటు కొంత పెరుగుతుందన్నది ఈ కార్ల మీద పనిచేసేవారందరికీ తెలిసిన ఉపాయం. ఈ రెండూ కలిపి చేసినప్పుడు రోడ్డు మీద కూడా కారు కుదుపు అంతగా పెరగదు. కుదుపుకు కారణం చాలాసార్లు స్ప్రింగు కాదు, ఆ స్ప్రింగుకు సరిపోని షాక్ అబ్జార్బరే.

గట్టి స్ప్రింగులు వేస్తే పాత బాడీ వణుకుతుందన్న అభ్యంతరం ఎవరైనా తెస్తారేమో కనుక ఒక మాట. కప్పు లేని బాడీ కొంత మెలితిరుగుతుంది. 1994 మోడల్‌తో 1.8 లీటర్ల ఇంజిన్ ఇచ్చినప్పుడు మాజ్దాయే అదనపు బ్రేసులు (బాడీకి బలమిచ్చే కడ్డీలు) చేర్చింది. పాత కారుకూ కింద బ్రేసులు బిగించుకోవచ్చు, కాకపోతే ముందుగా కింది ఫ్రేమ్ కమ్మీలు తుప్పు పట్టాయేమో చూసుకోవాలి.

రూల్‌బుక్:

మీరిద్దరూ కారు గురించే మాట్లాడుతున్నారు. ప్రశ్న వేసినవారు ఏ విభాగంలో పోటీ చేయాలనుకుంటున్నారో అడగకుండా స్ప్రింగుల మాట తేల్చడం వారికి న్యాయం కాదు. ఎస్‌సీసీఏ నియమాలనే ఉదాహరణగా తీసుకుంటే, స్ట్రీట్ విభాగంలో షాక్ అబ్జార్బర్లు మార్చవచ్చు, ఒక యాంటీ రోల్ బార్ మార్చవచ్చు, బ్రేక్ ప్యాడ్‌లు మార్చవచ్చు, 200 లేదా అంతకు మించిన ట్రెడ్‌వేర్ ఉన్న టైర్లు వేయవచ్చు. చక్రం వ్యాసం ఒక అంగుళం అటూ ఇటూ మారవచ్చు గానీ వెడల్పు మారకూడదు. స్ప్రింగులు మాత్రం కంపెనీవే ఉండాలి. వాటిని మార్చిన మరుక్షణం కారు స్ట్రీట్ టూరింగ్‌కు వెళ్తుంది. అక్కడ ఎదురయ్యే కార్లకు వెడల్పైన చక్రాలు, రెండు బార్లు, హెడర్ (మార్చిన ఎగ్జాస్ట్ గొట్టాలు) అన్నీ ఉంటాయి. అంటే స్ప్రింగులు ఒక్కటే మార్చినవారు తమ కారును మెరుగుపరచుకుంటూనే ఆ విభాగంలో అన్నింటికంటే తక్కువ తయారీ ఉన్న కారుతో నిలబడతారు. మీ ప్రాంతపు నిర్వాహకులు వేరే నియమాలు పాటించవచ్చు. ఏది కొనే ముందైనా ఆ నియమావళిని ఒకసారి పూర్తిగా చదవండి.

తెరిచిన కప్పు:

ఈ కోణం నేను ఆలోచించలేదు, కృతజ్ఞతలు. ఇంకో రెండు ప్రశ్నలు. ఒక యాంటీ రోల్ బార్ మాత్రమే మార్చగలిగితే ముందుదా, వెనుకదా? వెనుక చక్రాలు నడిపే కారు కనుక వెనుకది గట్టిపరిస్తే చురుగ్గా తిరుగుతుందని చదివాను. టర్బో గురించి కూడా మిత్రులు పట్టుబడుతున్నారు.

రబ్బరు బుష్:

ముందుది. మలుపులో లోపలి చక్రాల నుంచి బయటి చక్రాలకు మారే మొత్తం బరువును స్ప్రింగులూ బార్లూ మార్చలేవు. ఆ మారేదానిలో ముందు ఇరుసు వాటా ఎంత, వెనుక ఇరుసు వాటా ఎంత అన్నది మాత్రమే నిర్ణయిస్తాయి. ముందు బార్ గట్టిపడితే ముందు వాటా పెరుగుతుంది, వెనుక లోపలి చక్రం మీద బరువు మిగులుతుంది. మీ డిఫరెన్షియల్‌కు లిమిటెడ్ స్లిప్ లేదు కనుక మలుపు చివర యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వెనుక లోపలి చక్రం ఒట్టిగా తిరిగితే కారు ముందుకు సాగదు. వెనుక బార్ గట్టిపరిచినవారికి తరచూ ఎదురయ్యేది ఇదే. పైగా ముందు బార్ ఒరుగుదలను తగ్గించి ముందు టైరు క్యాంబర్‌ను కాపాడుతుంది. "కోన్‌ల మధ్య" గారు మొదట చెప్పిన అంచు అరుగుదల చాలావరకు దీనితోనే తగ్గుతుంది.

టర్బో ఇప్పుడు వద్దు. 1.6 కారులో రెండో గేరు నిష్పత్తి 1.888, ఫైనల్ డ్రైవ్ (డిఫరెన్షియల్ గేర్ల నిష్పత్తి) 4.3. మీ టైరు సైజుతో లెక్క వేస్తే 7,000 ఆర్‌పీఎమ్ దగ్గర వేగం గంటకు సుమారు 94 కిలోమీటర్లు అవుతుంది. ఆటోక్రాస్ పరుగు దాదాపు మొత్తం ఆ ఒక్క గేరులోనే ముగుస్తుంది. టర్బో బలాన్ని 1.6 కారులోని చిన్న డిఫరెన్షియల్ ఎక్కువ కాలం మోయలేదు, ఆపైన విభాగమూ పూర్తిగా మారిపోతుంది.

కోన్‌ల మధ్య:

ముందు బార్ విషయంలో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. వీలైనంత నెగటివ్ క్యాంబర్ పెట్టించమని కూడా చెబుతాను. ఈ కారులో కింది విష్‌బోన్‌ల బోల్టులతోనే క్యాంబర్, క్యాస్టర్ (స్టీరింగ్ ఇరుసు ముందువెనుకల వాలు) రెండూ సర్దవచ్చు. కంపెనీ ఎత్తులో దొరికే క్యాంబర్ పరిమితమే, అయినా ముందు రెండు డిగ్రీల దగ్గరకు వస్తే మేలు. క్యాంబర్ టైర్లను తినేస్తుందని భయపడేవారు చాలామంది ఉన్నారు, కానీ రోజువారీ నడకలో టైరును త్వరగా తినేది తప్పుగా ఉన్న టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం). ముందు టో సున్నా, వెనుక కొద్దిగా టో-ఇన్ ఉంచండి. వెనుక టో-అవుట్ కోన్‌ల మధ్య చురుగ్గా అనిపించినా, తడి రోడ్డు మీద అత్యవసరంగా పక్కకు తిప్పినప్పుడు చాలా ప్రమాదకరం.

టైర్లలో ఏ052 వేగంగా అరిగిపోతుంది. దానిని రోజూ వాడటం కంటే రెండో సెట్టు చక్రాలు ఉంచుకోవడమే నయం. అటువంటి టైర్లలో గాడులు తక్కువ, లోతూ తక్కువ; నిలిచిన నీటిలో త్వరగా తేలిపోతాయి. బ్రేకుల విషయంలోనూ ఇదే జాగ్రత్త. ఆటోక్రాస్‌లో బ్రేకులు ట్రాక్ మీదలా వేడెక్కవు కనుక, వేడెక్కితే గానీ పట్టని రేస్ ప్యాడ్‌లు ఉదయం మొదటి కూడలిలోనే మిమ్మల్ని ఇబ్బంది పెడతాయి.

నిదానం:

ఇంతసేపటి చర్చలో రోల్ బార్ (కారు తిరగబడితే తలను కాపాడే ఉక్కు కమ్మీ) మాట రాలేదు. తొలితరం కారులో సీట్ల వెనుక కంపెనీ నుంచి వచ్చే రక్షణ కమ్మీ ఏదీ లేదు. స్ప్రింగులకు కేటాయించిన డబ్బుతో ముందుగా రోల్ బార్ వేయించాలని నా గట్టి అభిప్రాయం.

రూల్‌బుక్:

ఇక్కడ నాకు సందేహం ఉంది. రోడ్డు మీద హెల్మెట్ ఉండదు. వెనుక నుంచి ఎవరైనా ఢీకొంటే తల వెనక్కి వెళ్లి ఆ ఉక్కు కమ్మీకే తగలవచ్చు. ఆటోక్రాస్‌లో వేగాలు తక్కువ, కార్లు ఒకదానికొకటి ఎదురుపడవు, చుట్టూ గోడలు ఉండవు. అక్కడ తిరగబడే అవకాశం అరుదు. రోజూ ఉండే ప్రమాదాన్ని తెచ్చుకుని అరుదైన దానిని తొలగించుకోవడం సరైన లెక్కేనా?

నిదానం:

మీ అభ్యంతరం న్యాయమైనదే, అయితే అది ఎలా బిగించాలి అన్నదానికి వర్తిస్తుంది. కమ్మీ తల వెనుక నుంచి వీలైనంత దూరంలో ఉండాలి, తల చేరగల భాగమంతటికీ తల తాకిడి కోసమే చేసిన గట్టి ప్యాడింగ్ ఉండాలి. పైపులకు చుట్టే మెత్తటి నురుగు అందుకు పనికిరాదు. సీటు వెనక్కి వాలినప్పుడు కమ్మీకి తగలకూడదు. హెల్మెట్ పెట్టుకుని కూర్చున్నప్పుడు కమ్మీ పైభాగం నుంచి విండ్‌షీల్డ్ పైఅంచు వరకు ఒక కర్ర ఆనించి చూడండి. హెల్మెట్ ఆ కర్రకు తగిలితే ఆ కమ్మీ మీకు సరిపోలేదన్నమాట. సీటు నురుగు కొంత తీసి కిందికి దిగాలి, లేదా ఎత్తైన కమ్మీ ఎంచుకోవాలి. తిరగబడే ప్రమాదం నేను తలుచుకున్నది ఆటోక్రాస్ మైదానంలో కాదు, కప్పు తీసి రోజూ వెళ్లే రోడ్డు మీద. ఇంకొకటి, రోల్ బార్ లేకుండా నాలుగు పాయింట్ల హార్నెస్ (రేసు సీటు బెల్టు) మాత్రం వేయవద్దు. కారు తిరగబడితే అది మిమ్మల్ని నిటారుగా పట్టి ఉంచుతుంది, తలకు పక్కకు తప్పుకునే వీలు ఉండదు.

తెరిచిన కప్పు:

ప్రస్తుతానికి స్ట్రీట్ విభాగంలోనే ఉండాలని నిర్ణయించుకున్నాను. షాక్ అబ్జార్బర్లు, ముందు బార్, అలైన్‌మెంట్, టైర్లు, ప్యాడింగ్‌తో కూడిన రోల్ బార్. స్ప్రింగులు అలాగే ఉంటాయి. వాటిని మార్చవలసిన రోజు వచ్చిందని ఎలా తెలుస్తుంది?

రబ్బరు బుష్:

కొత్త షాక్ అబ్జార్బర్లు బిగించేటప్పుడు ప్రతి కడ్డీకీ ఒక జిప్ టై వదులు లేకుండా చుట్టి, కింద షాక్ అబ్జార్బర్ గొట్టానికి ఆనేదాకా జరిపి ఉంచండి. పరుగు ముగిశాక అది ఎంత పైకి నెట్టబడిందో చూస్తే చక్రం ఎంత కదిలిందో, బంప్ స్టాప్‌ను ఎంత నొక్కిందో తెలుస్తుంది. రోడ్డు మీద వెళ్లి వచ్చాక మళ్లీ కిందికి జరిపి మరోసారి చూడండి. బంప్ స్టాప్‌ను కొద్దిగా తాకడం ఈ కారుకు సహజం. ముందు బార్ వేశాక కూడా మైదానంలో ప్రతిసారీ అది చివరిదాకా నలుగుతుంటే, అప్పుడు "కోన్‌ల మధ్య" గారు చెప్పిన అయిదారు కిలోల స్ప్రింగుల గురించి, వాటితో పాటే స్ట్రీట్ టూరింగ్ విభాగం గురించి ఆలోచించండి. ఎత్తు మాత్రం అప్పుడు కూడా దించవద్దు.