సమ్మెకీ గులకరాళ్లకీ ఏమిటి చుట్టరికం?

ఫ్రెంచిలో సమ్మెని 'గ్రెవ్' అంటారు, పారిస్‌లో జనం చూస్తుండగా మరణశిక్షలు వేసిన చోటు పేరూ గ్రెవ్వే, ఇది ఇంగ్లీషులో సమాధికి వాడే గ్రేవేనా అని ఒకరు అడిగారండీ. కాదు. అనుమానం రావడంలో తప్పు లేదు లెండి, ఫ్రాన్స్ రాజు నాలుగో హెన్రీని పొడిచి చంపిన రవయ్యాక్‌ని 1610లో గుర్రాలకి కట్టి చీల్చింది అక్కడే, 1792 ఏప్రిల్ 25న తల నరికే యంత్రం గిలటిన్ మొట్టమొదట ఒక దొంగ మెడ మీద పడిందీ అక్కడే.

గ్రెవ్ అంటే నీటి ఒడ్డున ఇసుకా గులకరాళ్లూ పరుచుకున్న నేల. మనం రోడ్డుకి తోలించే 'గ్రావెల్' కూడా ఈ కుటుంబంలోదే, పాత ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి, అక్కడి నుంచి మన మేస్త్రీల నోట్లోకి వచ్చింది. సేన్ నది కుడి గట్టున ఆ గులక మీదే పడవలు ఆపి కలప, గడ్డి, ధాన్యం, ద్రాక్షసారా దించేవాళ్లు. దించడానికి మనుషులు కావాలి కాబట్టి పనిలేని వాళ్లంతా అక్కడికి చేరేవాళ్లు, అచ్చం మన లేబర్ అడ్డా. అలా 'గ్రెవ్‌లో ఉన్నాడు' అంటే పని కోసం ఎదురుచూస్తున్నాడని అర్థం. 19వ శతాబ్దంలో అదే మాట, ఉన్న పని మానేసి నిలబడ్డవాడికి వచ్చింది! నాకు భలే నచ్చిన మలుపు ఇది, పైగా ఫ్రాన్స్‌లో 1864 దాకా కూలీలు కూడబలుక్కుని పని ఆపడం నేరం.

చోటు పేరు మాత్రం 1803లోనే మార్చేశారు. ఇప్పుడది 'ప్లాస్ ద లోతెల్ ద వీల్'. ఓతెల్ అన్నారని ఇడ్లీ అడక్కండి, అది నగరపాలక భవనం. వర్తకుల పెద్ద ఎతియెన్ మార్సెల్ 1357లో అక్కడ 'స్తంభాల ఇల్లు' కొన్నప్పటి నుంచీ నగర పాలన ఆ చోటే. 1871లో పారిస్ జనం లేవదీసిన కమ్యూన్ తిరుగుబాటులో భవనం తగలబడింది, ఇప్పుడు కనిపించేది 1882కి మళ్లీ కట్టింది.

ఇక ఆ పేరులోని 'ప్లాస్'కి తెలుగులో కూడలి అని రాశారొకరు. నాకు ఒప్పదు, కూడలికి దారులు కలవాలి, ప్లాస్‌కి ఖాళీ జాగా ఉంటే చాలు. చౌక్ కొంత దగ్గర. ఇంతకీ అడ్డా అనని ఊళ్లలో, పొద్దున్నే కూలీలు నిలబడే చోటుని ఏమంటారు?