విలీనమైన స్విస్ ఊరు కొరిప్పో జనాభా విడిగా ఎక్కడ దొరుకుతుంది?

స్విట్జర్లాండ్‌లో తిచినో కాంటన్ (అంటే రాష్ట్రం లాంటిది), వెర్జాస్కా లోయలో ఉన్న కొరిప్పో గురించి తెలుగులో చిన్న వ్యాసం రాస్తున్నాను. చరిత్ర, ఆర్థికం వరకు ఇబ్బంది లేదు: పశువుల పెంపకం, కొండవాలులో కాస్త సాగు, పని కోసం వలసలు. 1850 ప్రాంతంలో సుమారు 300 మంది ఉండేవారు, 2000 నాటికి 22 మంది మిగిలారు. దేశంలోనే అతి తక్కువ జనాభా ఉన్న మున్సిపాలిటీగా అప్పట్లో పేరుండేది.

చిక్కంతా 2020 అక్టోబరు తర్వాతే. అప్పుడు కొరిప్పో వెర్జాస్కా అనే కొత్త మున్సిపాలిటీలో కలిసిపోయింది. ఫెడరల్ గణాంక కార్యాలయం పట్టికల్లో వెతికితే నాకు వెర్జాస్కా మొత్తం అంకె ఒక్కటే వస్తోంది. సంవత్సరం మార్చి చూశాను, పాత పేరుతో వెతికాను, లాభం లేదు. దేశాన్ని వంద మీటర్ల గడులుగా విడగొట్టి ఒక్కో గడిలో ఎంతమంది ఉన్నారో చెప్పే డేటా కూడా దింపుకున్నాను. అందులో ఒకరున్నా ఇద్దరున్నా గోప్యత కోసం 3 అనే వేస్తారు. పది పన్నెండు మంది ఉండే ఊరికి ఆ లెక్క ఏం పనికొస్తుంది! అక్కడి ఒక కార్యాలయానికి ఇటాలియన్‌లో (అనువాద యాప్ సాయంతోనే లెండి) మెయిల్ పెట్టి మూడు వారాలైంది, జవాబు లేదు.

2021 నుంచి కొరిప్పో ఒక్క ఊరి జనాభా విడిగా ఏ అధికారిక పట్టికలో, లేదా నివేదికలో దొరుకుతుంది?