టామ్ అండ్ జెర్రీ: తాతకీ మనవడికీ ఇద్దరికీ నచ్చేవి ఏవి?

మా నాన్నకి 68, బాబుకి 5. ఇద్దర్నీ కూర్చోబెట్టి టామ్ అండ్ జెర్రీ చూపిద్దామంటే కుదరడం లేదు. 1940లో వచ్చిన మొట్టమొదటిది పెట్టాను. అందులో పిల్లి పేరు జాస్పర్, కథ నిదానం. బాబు సగంలోనే లేచిపోయాడు. 1961-62లో జీన్ డైచ్ ప్రాగ్‌లో తీసినవి పెడితే, ఆ ప్రతిధ్వనించే శబ్దాలకి నాన్న రిమోట్ లాక్కున్నారు (ఆయన్ని తప్పుపట్టలేను). చక్ జోన్స్ తీసినవాటిలో బొమ్మలు అందంగా ఉన్నాయి గానీ ఇద్దరూ నవ్వలేదు. కొత్త సిరీస్‌లు బాబుకి ఓకే, నాన్నకి అస్సలు పడవు.

ఇద్దరూ కలిసి పడీపడీ నవ్వింది ఒక్కదానికే: 1947 నాటి ది క్యాట్ కన్సర్టో. టామ్ పియానో మీద ఫ్రాంజ్ లిస్ట్ అనే సంగీతకర్త రాసిన హంగేరియన్ రాప్సడీ వాయిస్తుంటాడు, మాటలుండవు, ప్రతి దెబ్బా సంగీతంతో పాటే పడుతుంది. పట్టు అక్కడే ఉందని నా అనుమానం. అలాంటివి ఇంకా ఉంటాయని వెతికితే ముక్కలు ముక్కలుగా కలిపేసిన వీడియోలే వస్తున్నాయి, పేరు ఉండదు, సంవత్సరం ఉండదు.

టామ్ అండ్ జెర్రీ సృష్టికర్తలు హానా, బార్బెరా 1940-58 మధ్య తీసిన 114 కార్టూన్లలో, ఇలా మాటల్లేకుండా సంగీతం మీదే నడిచేవి ఏవో పేర్లు చెప్పగలరా?