పాత ఇంగ్లండు పనివాళ్ల పాటలు: ఏడాది ఎలా తేల్చాలి, వరస ఎలా పట్టాలి, లెక్కలు ఎంతవరకు నమ్మాలి?

తార్నాక17:
1550–1700 మధ్య ఇంగ్లండులో అచ్చయిన పనివాళ్ల బ్యాలడ్లు (ఒక్కో కాగితం మీద అచ్చేసి అమ్మిన పాటలు), కథలు బంజారాహిల్స్‌లో గంటసేపు చదివి, పాడి వినిపించాలి. వచ్చేవాళ్లంతా తెలుగువాళ్లే, ఇంగ్లిష్ సాహిత్యం చదువుకున్నవాళ్లు తక్కువ. మూడు చిక్కులున్నాయి. చాలా పాటల మీద ఏడాది లేదు. స్వరాలు లేవు, పైన "ఫలానా వరసకు" (అంటే బాణీకి) అని మాత్రం ఉంది. ఇక ఆ కాలపు రచయిత థామస్ డెలోనీ "జాక్ ఆఫ్ న్యూబరీ" అనే కథలో ఒకే గదిలో 200 మగ్గాలు ఆడాయని రాశాడు. అది చరిత్ర అని చెప్పొచ్చా?

పాతకాగితం:
ఏడాది కోసం బొమ్మలు చూడకండి, కాగితం అడుగున అచ్చేయించి అమ్మినవాళ్ల పేర్లుంటాయి, అవి చూడండి. చెక్క మీద చెక్కిన బొమ్మను ఏళ్ల తరబడి తిప్పి తిప్పి వాడేవారు. ఒక పాటలో ప్రియుడిగా నిలబడ్డ టోపీవాలాయే ఇంకో పాటలో దొంగ అవుతాడు. బట్టల ఫ్యాషన్ చూసి ఏడాది చెప్తే అర్ధ శతాబ్దం తప్పొచ్చు. బొమ్మతో ఒక్క పని మాత్రం అవుతుంది. చెక్కను పురుగు తొలిస్తే ఆ చిల్లులు అచ్చులో తెల్ల చుక్కలుగా పడతాయి. ఒకే చెక్కతో తీసిన రెండు కాగితాలు పక్కపక్కన పెడితే, చుక్కలు ఎక్కువ ఉన్నది తర్వాతిది.

పేర్ల సంగతి. "ఎఫ్. కోల్స్, టి. వేర్, జె. రైట్" అని ముగ్గురే ఉంటే 1663–74 మధ్యది. నాలుగో పేరు జె. క్లార్క్ చేరితే 1674–79. అయితే అది ఆ కాగితం వయసే, పాట వయసు కాదు.

స్టేషనర్స్ కంపెనీ (లండన్ పుస్తక వ్యాపారుల సంఘం) రిజిస్టర్‌లో కూడా వెతకండి. మొదట్లో బ్యాలడ్‌కు 4 పెన్నీలు కట్టి అందులో పేరు ఎక్కించుకునేవారు. కట్టకుండా అచ్చేసినవీ బోలెడు, కాబట్టి అందులో లేదంటే పాట అప్పటికి లేదని కాదు. 1624 డిసెంబర్ 14న బ్యాలడ్ వ్యాపారులు కొందరు కలిసి ఒకేసారి 128 పాటలు నమోదు చేయించారు. వాటిలో పాత పాటలే ఎక్కువ. "1624లో రాసింది" అని పప్పులో కాలేసేది ఇక్కడే.

చదవడానికి వస్తే, గోతిక్ అచ్చులో పొడుగు 'ఎస్' అచ్చం 'ఎఫ్' లాగే ఉంటుంది. అడ్డగీత కాడకు రెండు వైపులా పొడుచుకొస్తే 'ఎఫ్', లేదంటే 'ఎస్'. మాట మొదట్లో 'యు' ఉండాల్సిన చోట 'వి', మాట మధ్యలో 'వి' ఉండాల్సిన చోట 'యు' కనిపిస్తాయి. ఎ, ఇ, ఓ లాంటి అచ్చుల నెత్తిన చిన్న గీత ఉంటే పక్కన 'ఎన్' గానీ 'ఎమ్' గానీ మింగేశారని అర్థం. శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ల ఉచిత ఆన్‌లైన్ బ్యాలడ్ భాండాగారంలో మూల కాగితం ఫొటో, మామూలు అక్షరాల్లో పాఠం పక్కపక్కన దొరుకుతాయి. చాలావాటికి పాడిన రికార్డింగ్ కూడా ఉంది. వరస పేరుతోనూ వెతకొచ్చు.

మట్టుమాస్టారు:
పాత భజన పుస్తకాల్లో కీర్తన పైన "ఫలానా పాట మట్టు" అని వేసేవారు కదా, ఇదీ అదే పద్ధతి. సినిమా హాలు దగ్గర అమ్మిన పాటల పుస్తకంలో స్వరాలెందుకు? కొనేవాడికి బాణీ ముందే వచ్చు.

చిక్కేమిటంటే ఒక వరసకు రెండు మూడు పేర్లుంటాయి. పాత వరసకు కొత్త పాట కట్టి, అది ఊరంతా పాకితే, వరసకు ఆ కొత్త పాట పేరే స్థిరపడుతుంది. "ఫార్చ్యూన్ మై ఫో" తర్వాత్తర్వాత "ఎయిమ్ నాట్ టూ హై" అయింది ఇలాగే. ఉరికంబం ఎక్కేవాళ్ల పాటలు ఎక్కువగా దానికే కట్టేవారు కాబట్టి, ఆ పేరు చూస్తే లోపల ఏడుపు ఉంటుందని ముందే తెలిసిపోతుంది.

మీ కార్యక్రమానికి "ద క్లోదియర్స్ డిలైట్" పెట్టుకోండి, బట్టల షావుకార్లు కూలి ఎలా కోస్తారో వాళ్ల నోటితోనే పాడించిన పాట. పైన మూడు వరసలు ఇచ్చారు, కొనేవాడికి ఏది వస్తే అది పాడుకోమని. ఒకటి "పాకింగ్టన్స్ పౌండ్", దీనికి స్వరాలు తేలిగ్గా దొరుకుతాయి. ఇంకొకటి జనరల్ మంక్ పేరుతో మొదలవుతుంది. మంక్ రాజును గద్దెనెక్కించింది 1660లో, అంటే ఈ కాగితం అంతకుముందుది కాదు. పాతకాగితం గారు చెప్పిన పేర్ల పద్ధతికి ఇదొక తోడు.

పాడేటప్పుడు మనవాళ్లు చేసే తప్పు ఒక్కటే, గురు లఘువులు లెక్కపెట్టి మాత్రలు సరిచేయడం. ఆ భాషలో లెక్క ఊనికది. "వీల్ మేక్ ద పూర్ వీవర్స్ వర్క్ ఎట్ ఎ లో రేట్" పాదం తీసుకోండి. దెబ్బ పడేది నాలుగు చోట్లే: 'మేక్', 'వీ', 'ఎట్', 'రేట్'. 'పూర్' దీర్ఘమే కదా అని అక్కడ నిలబడితే పాట కుంటుతుంది, దాన్ని మింగేసి 'వీ' మీద దిగాలి. తకిట తకిట అని తిశ్రంలో తొడ మీద కొట్టుకుంటూ ముందు మాటలు చదవండి, దెబ్బలు కుదిరాకే బాణీ ఎత్తండి. వేరే పాటల్లో 8-6-8-6 అక్షరాల చరణం వస్తే దెబ్బలు 4-3-4-3. ప్రాస కోసం రెండో అక్షరంలో వెతకొద్దు, అది పాదం చివర ఉంటుంది.

చరణానికి అర నిమిషం వేసుకోండి. పన్నెండు చరణాలు దాటితే గదిలో దగ్గులు మొదలవుతాయి, మధ్యలోవి కోసేయండి.

కండె_నాడె:
మూడోది నేను చెప్తాను. డెలోనీ స్వయంగా పట్టు నేతగాడు, మగ్గం తెలిసినవాడు. ఆ కథ మధ్యలో అతను పెట్టిన పద్యంలో లెక్క ఇదీ: 200 మగ్గాలకు 200 మంది నేతగాళ్లు, పక్కన కండెలు చుట్టే కుర్రాళ్లు 200, ఉన్ని దువ్వే ఆడవాళ్లు 100, వడికే అమ్మాయిలు 200, ఉన్ని ఏరే పేదపిల్లలు 150, నూగు కత్తిరించేవాళ్లు 50, నూగు లేపేవాళ్లు 80, అద్దకంలో 40, గుడ్డను నీళ్లలో దంచి దట్టం చేసే మిల్లులో 20. కూడితే 1,040.

ఇందులో పట్టుబడేది వడికేవాళ్ల దగ్గర. చేతి రాట్నాల కాలంలో ఒక మగ్గం ఆగకుండా ఆడాలంటే కనీసం నలుగురైదుగురు వడకాలి. ఈ లెక్కన 200 మగ్గాలకు 800 పైచిలుకు కావాలి. 200 మందితో అయితే నాలుగింట మూడు మగ్గాలు పేక లేక ఖాళీగా కూర్చుంటాయి. ఈ సంగతి అతనికి తెలియక కాదు, పద్యానికి గుండ్రటి అంకెలు కావాలి. కథలో జాక్ అన్నది జాన్ వించ్‌కూంబ్‌ను. న్యూబరీలో ఆ పేరున్న పెద్ద వస్త్ర వ్యాపారి నిజంగానే ఉన్నాడు, 1520లో పోయాడు. మనిషి నిజం, ఆ మగ్గాల హాలు పద్యంలోదే. అలాగే చెప్పండి.

రాసిన కాలం కూడా చెప్పకపోతే సగం పోయినట్టే. 1595లో విదేశీ నేతగాళ్ల మీద ఫిర్యాదు పత్రం వేసిన గొడవలో డెలోనీ జైలుకు వెళ్లాడు. 1596లో ధాన్యం కొరత మీద పాట కడితే లండన్ మేయర్ అతని కోసం వెతికించాడు. "జాక్" నమోదైంది 1597 మార్చిలో. పంటలు వరసగా పోయిన ఆ ఏళ్లలో, అందరూ పాడుకుంటూ పనిచేసే హాలు అన్నమాట. మనకు మిగిలిన వాటిలో పాత ప్రతి 1619ది, దాని మీదే ఎనిమిదో ముద్రణ అని ఉంది. ముందువన్నీ చేతుల్లో నలిగి చిరిగిపోయాయి.

ఈ హాలు పద్యం చదివిన వెంటనే మాస్టారు చెప్పిన షావుకార్ల పాట పాడండి. అందులో ఉన్ని దువ్వేవాళ్ల రేటును ఎనిమిది గ్రోట్ల నుంచి అరక్రౌనుకు దించుతామంటారు. గ్రోటు 4 పెన్నీలు, అంటే 32 పెన్నీలు, అరక్రౌను 30. కోత రెండు పెన్నీలే. గొణిగితే "చేస్తారా, మానేస్తారా, మీ ఇష్టం" అంటారు. ఈ పాటకు ముందు, డెలోనీ కాలంలో, 1600 ప్రాంతంలో దక్షిణ ఇంగ్లండులో ఇల్లు కట్టే కూలీకి రోజుకు 8 పెన్నీలు, బ్యాలడ్ కాగితం దాదాపు ఒక పెన్నీ. ఈ అంకెలు బోర్డు మీద రాసిపెడితే చాలు, వేరే వివరణ అక్కర్లేదు.

తార్నాక17:
చాలా థ్యాంక్స్ అండీ. ఇంకొక్కటి. డెలోనీదే "ద జెంటిల్ క్రాఫ్ట్" చెప్పులు కుట్టేవాళ్ల కథలు కదా. మన కులపురాణాల పక్కన పెట్టి చెప్పొచ్చా?

చేర్యాలపటం:
పెట్టొచ్చన్నా, కానీ జర జూస్కొని. సెయింట్ హ్యూ చచ్చిపోతూ తన బొక్కలు (ఎముకలు) చెప్పులు కుట్టెటోళ్లకు ఇచ్చిపోయిండు, ఆళ్లు వాటితోని పనిముట్లు చేసుకున్నరు, అందుకే పనిముట్లను 'సెయింట్ హ్యూ బొక్కలు' అంటరని ఆ పుస్తకంల ఉంటది. పని ఎట్ల పుట్టింది, పనిముట్టుకు గౌరవం ఎందుకు అని చెప్పే కథ అది. మన దిక్కు కూనపులోళ్లు పటం ఏలాడగట్టి పద్మశాలీలకు చెప్పే మార్కండేయ పురాణం గూడ గదే పని చేస్తది.

ఫరక్ ఎక్కడంటే, కూనపులోళ్లు చెప్పేది పద్మశాలీలకే, త్యాగం (కథ చెప్పినందుకు ఇచ్చే కట్నం) తీస్కునేది ఆళ్ల దగ్గర్నే. డెలోనీ పుస్తకం పైసలిచ్చిన ఎవరికైనా అమ్ముతరు. అందుకే ఆయన కథల లోపట చెప్పులు కుట్టెటోడు మేయర్ అయితడు, కొనెటోనికి గది ఇష్టం. ఆ కథల ఉన్న సైమన్ ఐర్ 1445ల లండన్ మేయర్ అయిన మాట నిజమే, కానీ చెప్పులు కుట్టెటోడు కాదు, బట్టల వ్యాపారి. డెలోనీయే ఆయన చేతిల ఆరె పెట్టిండు. నాటకాలు రాసే థామస్ డెకర్ దాన్ని 1599ల నాటకం చేసినంక ఇగ గదే పక్కా అయిపోయింది. స్టేజి మీద "చెప్పులు కుట్టి మేయర్ అయినోడు" అని చరిత్ర లెక్క చెప్పకు.

పాతకాగితం:
ఒకటి మర్చిపోయాను. శామ్యూల్ పెపీస్ సేకరణ (కేంబ్రిడ్జిలో మాగ్డలెన్ కాలేజీలో ఉంది, 1,800కు పైగా పాటలు) నుంచి ఫొటోలు ప్రింట్ తీస్తున్నట్టయితే, అడ్డంగా అచ్చైన పొడుగు కాగితాలను ఆయన మధ్యకు కోసి తన ఆల్బమ్ కొలతకు అంటించుకున్నాడు. "రెండో భాగం, అదే వరసకు" అన్న శీర్షిక ఎక్కడుందో ముందు చూసుకోండి. లేకపోతే రెండో సగం ముందు పాడేస్తారు.