లాటరీలో ఎలుగుబంటి తగిలింది, బాణానికి ఏ ములికి పెట్టాలి?

డులూత్_రాజు:
నాలుగేళ్లు దరఖాస్తు పెట్టగా ఈసారి అమెరికాలోని మా మిన్నెసోటా లాటరీలో ఎలుగుబంటి వేట లైసెన్సు వచ్చింది. సెప్టెంబరు 1న సీజను మొదలు. నాది 60 పౌండ్ల బలంతో లాగే కాంపౌండ్ (కప్పీల) విల్లు, ములికితో కలిపి 420 గ్రెయిన్ల (సుమారు 27 గ్రాముల) బాణం. చెట్టు మీద కట్టిన ట్రీ స్టాండు నుంచి ఎర పెట్టే చోటికి 18 గజాలు. ఇంతవరకు జింకలే కొట్టాను. మూడు సందేహాలు. బ్రాడ్‌హెడ్ (వేటకు వాడే బ్లేడుల ములికి) స్థిరమైన బ్లేడుదా, విచ్చుకునే మెకానికలా? 100 గ్రెయిన్లా, 125 గ్రెయిన్లా? ఇక మూడోది, చీకటి పడే వేళ బాణం ఎక్కడ తగిలిందో కనబడాలంటే వెలిగే నాక్ (బాణం తోకన తాడుకు తగిలించే ముక్క) పనికివస్తుందా?

పొదల_చాటు:
మెకానికల్ అనే మాట చూడగానే నా పాత గాయం రేగింది. డబ్బా మీద రెండు అంగుళాల కోత అని రాసి ఉంటే నమ్మి కొన్నాను. విస్కాన్సిన్‌లో, 22 గజాల దూరం. దెబ్బ కాస్త పైన తగిలింది, బాణం అవతలికి రాలేదు. ఎలుగు ఒంట్లో కొవ్వు జరిగి రంధ్రాన్ని పూడ్చేస్తుంది, కారిన కాస్త నెత్తురునూ బొచ్చు దూదిలా పీల్చేస్తుంది. రాత్రి పదకొండు దాకా తలకు దీపం కట్టుకుని మోకాళ్ల మీద పాకాను. నూట ఎనభై గజాల్లో దొరికింది ఒక్క చుక్క. అదీ నేల మీద కాదు, ఫెర్న్ ఆకు అడుగున, ఎలుగు ఒరుసుకుంటూ పోయిన ఎత్తులో. మర్నాడు మధ్యాహ్నం జంతువు దొరికింది గానీ అప్పటికే మాంసం వాసన కొట్టింది. రెండు రంధ్రాలు పడాలి, రెండోది కిందుగా పడాలి. స్థిరమైన బ్లేడే కొనండి.

మెయిన్_మావయ్య:
తమ్ముడూ, "కాస్త పైన తగిలింది" అని నువ్వే రాశావు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది. నేను ఇన్నేళ్లలో ఆరు ఎలుగులను కొట్టాను, అయిదు మెకానికల్‌తోనే. ఏదీ అరవై గజాలు దాటలేదు. ప్రాణం పోతున్నప్పుడు అది మూలిగే మూలుగు ఒక్కసారి చెవిన పడితే చాలు, వెతకనక్కరలేదు. ఆ రాత్రి నిద్రా పట్టదు.

బరువు_బాణం:
అసలు ఆ 420 గ్రెయిన్లేమిటండీ! డాక్టర్ ఎడ్ ఆష్‌బీ వేట బాణాల మీద ఏళ్ల తరబడి పరీక్షలు చేసి, పెద్ద ఎముక చీలాలంటే బాణం 650 గ్రెయిన్లు దాటాలని చెప్పారు. ముందు భాగం బరువుగా ఉండాలి. ఒకవైపే పదును పెట్టిన రెండు బ్లేడుల ములికి వాడండి, అది తిరుగుతూ దిగి ఎముకను పగలగొడుతుంది. మిగతావన్నీ బొమ్మలు.

విజయవాడ_విలుకాడు:
నేను విజయవాడలో కాంపౌండ్ విల్లు నేర్చుకున్నవాణ్ణి, జ్యోతి సురేఖ గారు హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలవడానికి చాలా ముందే. లెక్క చూడండి: 420 గ్రెయిన్లు, సెకనుకు 260 అడుగుల వేగం, అంటే 63 అడుగు-పౌండ్ల శక్తి. నల్ల ఎలుగుకు ధారాళంగా సరిపోతుంది. 650 అనేది పెద్ద ఎముక మీద పడ్డప్పటి మాట. ఎముక మీద పడాలనే కోరుకుంటూ ఎవరైనా చెట్టెక్కుతారా? ఆ బరువు పెడితే బాణం ఇంద్రధనుస్సులా వంగుతుంది.

బరువు_బాణం:
18 గజాల్లో ఇంద్రధనుస్సా? కాగితానికి నెత్తురు రాదు బాబూ.

విజయవాడ_విలుకాడు:
నేను రోజుకు వంద బాణాలు వేస్తాను. తమరు ఏడాదికి ఎన్ని?

బరువు_బాణం:
ఆ వందలో ఎలుగు మీద ఎన్ని?

విజయవాడ_విలుకాడు:
ఈ ఏడాది వెళ్తున్నాను.

మెయిన్_మావయ్య:
ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

నిర్వాహకుడు:
రెండు వ్యాఖ్యలు తీసేశాను. ఒకరి ఊరిని ఒకరు తిట్టుకోవద్దు.

ఉద్దానం_జీడితోట:
పానకంలో పుడకలా వచ్చాననుకోకండి. మాది వజ్రపుకొత్తూరు వైపు. జీడిపిక్కలు ఏరడానికి వెళ్లిన మా చిన్నాన్న చెంప మీద ఇప్పటికీ పదకొండు కుట్ల మచ్చ ఉంది. మా ఎలుగును వేటాడితే 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద జైలు. ఆ చట్టం ఉండాల్సిందే, నేను కాదనను. మీరు మాత్రం ఎరగా డోనట్లు కుమ్మరించి, పిలిచి మరీ కొడుతున్నారు. దీన్ని వేట అంటారా?

మెయిన్_మావయ్య:
మీది వేరే జాతి నాయనా. మా నల్ల ఎలుగు మామూలుగా మనిషి వాసన తగిలితే పారిపోతుంది. ఎర దగ్గర తీరిగ్గా తింటుంటేనే వెంట పిల్లలున్నాయో లేదో చూసుకోగలం. ఎర మాన్పించాలని 2014లో మా మెయిన్ రాష్ట్రంలో ఓటర్ల ముందుకు ప్రతిపాదన తెచ్చారు, ఓడిపోయింది.

అల్లెఘెనీ_అక్క:
మా పెన్సిల్వేనియాలో ఎలుగుకు ఎర పెట్టడం నేరం, కాబట్టి మీ డోనట్ల పంచాయితీ మీరే తేల్చుకోండి. రాజూ, ఇంతమంది ఇంత రాశారు, పదును గురించి ఒక్కరైనా అన్నారా? రబ్బరు బ్యాండు సాగదీసి బ్లేడు ఆనించు. నొక్కకుండానే తెగితే అది వేటకు, లేకపోతే సాధనకు. డబ్బాలోంచి తీసినవి కూడా కొన్ని తెగవు, సానరాయి మీద నూరుకున్నాను.

రెండోది. సాధనకు వాడే మామూలు మొన ఒకచోట, స్థిరమైన బ్లేడు ఇంకోచోట పడుతున్నాయా? ములికిని తిట్టకు, విల్లు సరిచేయించు. నాకు 20 గజాల్లో నాలుగు అంగుళాలు ఎడమకు పోయేది. విల్లు మీద బాణం ఆనే రెస్టు వెంట్రుకవాసి జరిపితే కుదిరింది. మూడు బ్లేడులవి, 125 గ్రెయిన్లవి వాడతాను, 100 అయినా కొంప మునగదు. జింకకు కొట్టినట్టు భుజానికి ఆనించి కొట్టకు. ముందుకాలు ముందుకు చాచేదాకా ఆగి, ఒంటికి నట్టనడుమ చూసి వెయ్యి. బొచ్చు వేలాడుతుంది కాబట్టి పొట్ట గీత ఎక్కడో కంటికి తెలియదు, బొచ్చును నమ్మి కిందకు దించితే తప్పుతుంది.

పొదల_చాటు:
అక్కా, నేను అన్నదీ అదే.

అల్లెఘెనీ_అక్క:
నువ్వు అన్నది స్థిరమైన బ్లేడు కొనమని.

వంటింటి_వేటగాడు:
కొట్టడం సరే, కూర మాట ఎవరూ ఎత్తరేం? ఎలుగు మాంసంలో ట్రైకినెల్లా పురుగు ఉండవచ్చు. ఫ్రీజరులో పెడితే చస్తుందనుకుంటారు, చావని రకం ఉంది. 2022లో కెనడాలోని సస్కాచువాన్‌లో కొట్టిన ఎలుగు మాంసాన్ని 45 రోజులు గడ్డకట్టించి, దక్షిణ డకోటాలో కుటుంబమంతా కలిసి కబాబులు తిన్నారు. ఆరుగురికి సోకింది. అందులో ఇద్దరు మాంసం ముట్టలేదు, దానితో పాటు వండిన కూరగాయలే తిన్నారు. లోపల 71 డిగ్రీల సెల్సియస్ దాటాలి. ప్రెషర్ కుక్కర్ ఉన్నవాళ్లకు భయం లేదు. అల్లం వెల్లుల్లి దండిగా, మిరియాలు, చివర్లో గసగసాల ముద్ద. కొవ్వు మాత్రం ముందే తీసేయండి, కరిగించి పెట్టుకుంటే మా ఇంట్లో గారెలు దానిలోనే వేయిస్తాం.

బరువు_బాణం:
గారెలా?

విజయవాడ_విలుకాడు:
ఎన్ని విజిళ్లు రానివ్వాలి?

డులూత్_రాజు:
అక్క మాట ప్రకారం మూడు బ్లేడులవి, 125 గ్రెయిన్లవి కొన్నాను. ఆరింటిలో రెండు రబ్బరు బ్యాండును కోయలేదు, నూరుతున్నాను. ఇంతకీ నాక్ సంగతి?

వంటింటి_వేటగాడు:
ఆరు. ముదురుదైతే ఎనిమిది.